ఏళ్లు గడిచినా... అతిథులే!

* పాఠం శాశ్వతం.. పంతులు తాత్కాలికం
* పోరాడితేనే పెరుగుతున్న గౌరవధనం
* నిబంధనలు తెలియక నష్టపోతున్న సరిహద్దు యువత

బెంగళూరు: తెల్లవారకముందే బాగేపల్లిలో బస్సెక్కాలి. చిక్కబళ్లాపురం దాటేసరికి వెలుగొస్తుంది. దేవనహళ్లి మీదుగా హెబ్బాళ చేరేసరికి ట్రాఫిక్ మొదలవుతుంది. అక్కడ సిటీ బస్సు పట్టుకుని మొదటి గంట కొట్టేలోగా తరగతి గదిలో ఉండాలి. హిందూపురం వైపు వారికి గౌరిబిదనూరు, దొడ్డబళ్లాపురం మీదుగా రైలే దిక్కు. కోలారు, ముళబాగిలు వారిదీ ఇదే పరుగు. పొద్దున ఒక కాలేజీ, మధ్యాహ్నం ఇంకో కాలేజీ. సాయంత్రం ట్యూషను దొరికితే అదృష్టం.

వీరెవరో చదువుకోనివారు కాదు. చేతిలో పీజీ పట్టా ఉంటుంది. కొందరి పేరు ముందు డాక్టర్ అనీ ఉంటుంది. హాజరు పట్టీలో మాత్రం 'అతిథి ఉపన్యాసకరు' అనే రాస్తారు.

అతిథి అంటే తిథి చూసుకోకుండా వచ్చేవాడని పెద్దలు చెబుతారు. వీరి విషయంలో తిథి లేనిది జీతానికి. పండక్కి ఊరెళ్తే ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే... "ఏం సారూ, పర్మనెంట్ అయిందా?" పదేళ్లుగా అదే ప్రశ్న. పదేళ్లుగా అదే నవ్వు.

ఇంటికొచ్చిన చుట్టం మూడు రోజులుంటాడు. ఈ అతిథులు పది, పదిహేనేళ్లుగా ఉన్నారు. వారు చెప్పే సబ్జెక్టు ఏటా ఉంటుంది. పిల్లలు ఏటా ఉంటారు. పరీక్షలు ఏటా ఉంటాయి. ఉంటామో లేదో తెలియనిది ఆ చెప్పే మనిషికే.

పని ఉంది.. పోస్టు లేదు

కర్ణాటకలో దాదాపు 430 ప్రభుత్వ ప్రథమ దర్జె (డిగ్రీ) కళాశాలలున్నాయి. 2021 నాటికి వీటిలో 14 వేల మందికి పైగా అతిథి అధ్యాపకులు పాఠాలు చెప్పేవారు. అదే ఏడాది ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చిన అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులు 1,242. వాటికి 2022 మార్చిలో పరీక్ష జరిగింది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెడితే అసలు సంగతి తెలిసిపోతుంది.

ఒక శాశ్వత పోస్టు భర్తీ కావాలంటే ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి. నోటిఫికేషన్ రావాలి. పరీక్ష, రోస్టరు, ధ్రువపత్రాల పరిశీలన, మధ్యలో కోర్టు కేసులు... ఇలా ఏళ్లు పడుతుంది. అతిథి విషయంలో ఆ బాధ లేదు. విద్యా సంవత్సరం మొదట్లో దరఖాస్తులు తీసుకుని, జాబితా వేసి, కౌన్సెలింగ్ పెడితే చాలు. ఖర్చు తక్కువ, తలనొప్పి తక్కువ. అందుకే తాత్కాలికమనుకున్న ఏర్పాటే శాశ్వతమైంది.

ఈ ఏర్పాటులో అతిథికి ఆధారం 'వర్క్‌లోడ్'. ఆ సబ్జెక్టుకు వారానికి ఎన్ని గంటలున్నాయన్నదే లెక్క. బదిలీ మీద శాశ్వత అధ్యాపకుడు వస్తే గంటలు ఆయనకు పోతాయి. విద్యార్థులు తగ్గితే గంటలు తగ్గుతాయి. సిలబస్ మారినా అంతే. కర్ణాటకలో 2021-22లో జాతీయ విద్యా విధానం కింద నాలుగేళ్ల డిగ్రీ మొదలైంది. 2024-25 నుంచి మళ్లీ మూడేళ్ల డిగ్రీకే వచ్చారు. విద్యార్థికి అది కోర్సు మార్పు. అతిథి అధ్యాపకుడికి మాత్రం కొలువు ఉంటుందా, ఊడుతుందా అన్న లెక్క. తెలుగు లాంటి భాషా సబ్జెక్టులు చెప్పేవారికి ఈ గుబులు మరీ ఎక్కువ. ఆ భాష తీసుకునే పిల్లలు నలుగురు తగ్గినా బల్ల కిందకు నీళ్లొచ్చినట్టే.

గంటకు ఎంత?

వీరి జీతాన్ని కన్నడంలో 'గౌరవధన' అంటారు. గౌరవమూ అంతంతే, ధనమూ అంతంతే అని స్టాఫ్ రూముల్లో చలోక్తి. 2022కు ముందు నెట్, స్లెట్ లేదా పీహెచ్‌డీ ఉన్నవారికి నెలకు రూ.13 వేలు, లేనివారికి రూ.11 వేలు ఇచ్చేవారు. అదీ నెలనెలా అందేది కాదు. 2021 డిసెంబరు 10 నుంచి అతిథి అధ్యాపకులు తరగతులు బహిష్కరించి రోడ్డెక్కారు. నెల రోజులు దాటాక, 2022 జనవరిలో అప్పటి ఉన్నత విద్యాశాఖ మంత్రి అశ్వత్థనారాయణ కొత్త లెక్క ప్రకటించారు.

యూజీసీ అర్హతతో పాటు ఐదేళ్లకు పైగా అనుభవం ఉంటే రూ.32 వేలు. అర్హత ఉండి అనుభవం ఐదేళ్లలోపైతే రూ.30 వేలు. అర్హత లేకుండా ఐదేళ్లు దాటినవారికి రూ.28 వేలు, మిగిలినవారికి రూ.26 వేలు. ప్రతినెలా 10వ తేదీలోగా చెల్లిస్తామన్నారు. ఒక్కసారిగా రెట్టింపుకు పైగా పెరిగింది కదా అని సంబరపడ్డవారున్నారు.

ఆ ప్రకటనలోనే మెలికా ఉంది. అంతకుముందు వారానికి 8 నుంచి 10 గంటలు పాఠం చెప్పేవారు. కొత్త పద్ధతిలో 15 గంటలు చెప్పాలి. కాలేజీలో మొత్తం గంటలు పెరగలేదు. ఒక్కొక్కరికిచ్చే గంటలు పెరిగాయి. అంటే ముగ్గురు చేసే పని ఇద్దరితో సరిపోతుంది. మూడో మనిషి ఇంటికే. ఒకరి కంచంలో అన్నం పెరిగింది, పక్కవారి విస్తరి లేచిపోయింది.

వారానికి 15 గంటలంటే నెలకు సుమారు 60 గంటలు. రూ.32 వేలను అరవైతో భాగిస్తే గంటకు రూ.533. యూజీసీ 2019 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో అతిథి అధ్యాపకుడికి ఒక పాఠానికి రూ.1,500, నెలకు గరిష్ఠంగా రూ.50 వేలు అని ఉంది. రెండింటికీ ఎంత తేడా ఉందో లెక్కల మాస్టారే చెప్పనక్కర్లేదు.

రెండోసారీ రోడ్డు మీదకే

గంటలతో వచ్చిన పెంపు అసలు సమస్యను తీర్చలేదు. 2023 నవంబరు 23 నుంచి మళ్లీ తరగతుల బహిష్కరణ మొదలైంది. ఈసారి ప్రధాన డిమాండు 'సేవా ఖాయమాతి'.. అంటే ఉద్యోగం పక్కా చేయడం. 2024 జనవరి 1న తుమకూరు సిద్ధగంగ మఠం నుంచి బెంగళూరుకు పాదయాత్ర కట్టారు. బోర్డు మీద సుద్దముక్కతో రాయాల్సిన చేతులు ప్లకార్డులు పట్టుకున్నాయి.

పాదయాత్రకు ముందే, 2023 డిసెంబరు ఆఖర్లో ప్రభుత్వం కొన్ని వరాలు ప్రకటించింది. ఐదేళ్లలోపు అనుభవం ఉంటే రూ.5 వేలు, పదేళ్లలోపుంటే రూ.6 వేలు, పదిహేనేళ్లలోపుంటే రూ.7 వేలు, ఆపైన రూ.8 వేలు పెంచింది. రూ.5 లక్షల వరకు ఆరోగ్య బీమా, మహిళలకు మూడు నెలల వేతనంతో ప్రసూతి సెలవు, నెలకు ఒక వేతన సెలవు ఇస్తామంది. 60 ఏళ్లు నిండి దిగిపోయేవారికి ఏడాది సర్వీసుకు రూ.50 వేల చొప్పున, గరిష్ఠంగా రూ.5 లక్షల ఇడిగంటు (ఏకమొత్తం) ప్రకటించింది.

ఇది చిన్న విషయం కాదు. పురుడు పోసుకుంటే కొలువు పోతుందేమోనని భయపడిన ఆడపిల్లలకు అది ఊరటే. జ్వరమొస్తే జీతం కోత అనుకునేవారికి నెలకో సెలవూ ఊరటే. అయినా గరిష్ఠంగా రూ.40 వేలు అందుకునే వ్యక్తికి గంటకు పడేది రూ.667. అడిగిన సేవా ఖాయమాతి మాత్రం ఆ జాబితాలో లేదు.

పేరులోనే ఉంది పెన్నిధి

ఇక్కడ చాలామందికి తెలియని మతలబు ఒకటుంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం కాంట్రాక్టు అధ్యాపకులు మొత్తం పోస్టుల్లో 10 శాతానికి మించకూడదు. వారికిచ్చే జీతం కొత్తగా చేరిన శాశ్వత అసిస్టెంట్ ప్రొఫెసర్ స్థూల వేతనానికి తగ్గకూడదు. ఏడో వేతన సవరణలో ఆ పోస్టు మూలవేతనమే రూ.57,700. కరవు భత్యం దానికి అదనం.

అదే మనిషిని 'అతిథి' అని రాస్తే ఈ రక్షణ వర్తించదు. గంటల లెక్కే. అలవెన్సులు, పింఛను, గ్రాట్యుటీ, సెలవులు వర్తించవని 2019 మార్గదర్శకాలే చెబుతున్నాయి. అర్హతలు మాత్రం శాశ్వత అధ్యాపకుడికి ఉన్నవే ఉండాలి. అంటే చదువు సమానం, పాఠం సమానం, జీతం దగ్గర మాత్రం పంక్తి వేరు.

ఈ పేరు మహిమ పొరుగు రాష్ట్రాల్లోనూ కనిపించింది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్ 30న 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగులను క్రమబద్ధీకరించింది. వారిలో జూనియర్, డిగ్రీ, పాలిటెక్నిక్ లెక్చరర్లున్నారు. ఆంధ్రప్రదేశ్ కూడా 2014 జూన్ 2 నాటికి పనిలో ఉన్న కాంట్రాక్టు ఉద్యోగుల కోసం 2023లో చట్టం చేసింది. రెండుచోట్లా తలుపు తెరిచింది కాంట్రాక్టు వారికి. గెస్టు లెక్చరర్లు గడప బయటే ఉండిపోయారు.

కోర్టులేమన్నాయి?

తాత్కాలిక ఉద్యోగుల విషయంలో దేశమంతా చెప్పుకునే ఉమాదేవి తీర్పు కర్ణాటక కేసే. 2006 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని వెలువరించింది. నిబంధనల ప్రకారం ఎంపిక కానివారు ఎన్నేళ్లు పనిచేసినా క్రమబద్ధీకరణను హక్కుగా అడగలేరని చెప్పింది. మంజూరైన ఖాళీ పోస్టులో, అర్హతలుండి, కోర్టు ఉత్తర్వుల అండ లేకుండా పదేళ్లు దాటినవారి విషయాన్ని మాత్రం ఒక్కసారికి పరిశీలించవచ్చంది. అప్పటి నుంచి 'పర్మనెంట్ చేయండి' అని ఎవరడిగినా సర్కారు చూపించే కాగితం అదే.

తర్వాత గాలి కొంత మారింది. తాత్కాలిక ఉద్యోగులు శాశ్వత ఉద్యోగుల పనే చేస్తుంటే కనీస స్కేలు ఇవ్వాలని 2016 అక్టోబరులో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఉమాదేవి తీర్పును అడ్డుపెట్టుకుని ఏళ్ల తరబడి పనిచేసినవారిని బయటికి పంపడం తగదని 2024 డిసెంబరులో జగ్గో కేసులో చెప్పింది. 2025 ఆగస్టు 22న గుజరాత్ కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసు వచ్చింది. నెలకు రూ.30 వేలతో నెట్టుకొస్తున్న వారికి కనీస స్కేలు, బకాయిలు ఇవ్వాలని ఆదేశించింది. సభల్లో గురుబ్రహ్మ శ్లోకాలు చదివితే చాలదని, ఆ గౌరవం వారిని చూసుకునే తీరులో కనిపించాలని గట్టిగానే అంది.

తీర్పు వచ్చింది కదా అని రేపటి నుంచే అందరికీ వర్తించదు. ఏ పోస్టు, ఎలా ఎంపిక చేశారు, ఎన్ని గంటలు పనిచేశారు.. ప్రతి కేసులో ఇవన్నీ రుజువు కావాలి. రుజువంటే కాగితం. చాలామంది దగ్గర లేనిదీ అదే.

గంట బయట చాకిరీ

జీతం తరగతి గంటకే. పని మాత్రం అక్కడితో ఆగదు. పాఠం తయారు చేసుకోవాలి. ఇంటర్నల్ మార్కులు వేయాలి. అసైన్‌మెంట్లు దిద్దాలి. పరీక్షల డ్యూటీ చేయాలి. నాక్ బృందం వస్తుందంటే ఫైళ్లు మోయాలి. "రేపు ఆదివారం కదా సార్, ఒక్కసారి వచ్చిపోండి" అంటే కాదనలేని పరిస్థితి. వచ్చే ఏడాది జాబితాలో పేరుండాలి మరి.

ఇది మన దగ్గరి కథే కాదు. తెలుగు పిల్లలు ఎక్కువగా చదువుకునే ఆస్ట్రేలియాలోనూ విశ్వవిద్యాలయాలు గంటల లెక్కన ట్యూటర్లను పెట్టుకుంటాయి. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో జవాబు పత్రాలు దిద్దడానికి గంటకు ఇన్ని పదాలని కొలత పెట్టి జీతమిచ్చారు. నిజంగా పట్టిన సమయానికి ఇవ్వలేదు. అక్కడి కార్మిక హక్కుల అధికారులు దర్యాప్తు చేశారు. చివరకు 25 వేల మందికి పైగా సిబ్బందికి సుమారు 7.2 కోట్ల డాలర్లు తిరిగి చెల్లించేందుకు 2024 డిసెంబరులో ఒప్పందం కుదిరింది. దిద్దుబాటుకు పట్టిన సమయం కూడా పనేనని అక్కడ ఒప్పుకోక తప్పలేదు.

మన దగ్గర అంత తేలికైన దారి లేదు. ఉపాధ్యాయుడు పారిశ్రామిక వివాదాల చట్టం కింద 'వర్క్‌మన్' కాడని సుప్రీంకోర్టు 1988లో సుందరాంబాళ్ కేసులో తేల్చింది. దాంతో కార్మిక న్యాయస్థానం గడప తొక్కే వీలు పోయింది. పంతులు కూలీ కాదు, గౌరవనీయుడు. ఆ గౌరవమే ఇక్కడ అడ్డొచ్చింది.

ప్రైవేటులో ఇంకో లెక్క

నగరంలోని ప్రైవేటు కళాశాలల్లో పనిచేసే తెలుగువారి సంఖ్యా తక్కువేం కాదు. అక్కడ అతిథి అన్న పేరు లేకపోయినా భయం అదే. అయితే చట్టం ఇక్కడ కాస్త తోడుంది. గ్రాట్యుటీ చట్టాన్ని 2009లో సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా ఉపాధ్యాయులను చేర్చారు. యాజమాన్యాలు సవాలు చేస్తే 2022 ఆగస్టు 29న సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. ఐదేళ్లు నిండినవారికి ఏడాదికి 15 రోజుల జీతం లెక్క. మూలవేతనం, కరవు భత్యం కలిపి రూ.26 వేలుండి పదేళ్లు పనిచేస్తే చేతికి రూ.1.5 లక్షలు రావాలి. ఈ మాట తెలియక రాజీనామా లేఖ ఇచ్చి ఉత్త చేతులతో వచ్చేసేవారున్నారు.

2025 నవంబరు 21న సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది. గ్రాట్యుటీ నిబంధనలు అందులోకి చేరాయి. నిర్ణీత కాల ఒప్పందంపై పనిచేసేవారికి ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ అని కోడ్ చెబుతోంది. ఏడాదికో కాగితం మార్చే చోట ఇది గుర్తుపెట్టుకోవాల్సిన మాట.

హద్దు దాటితే 'సెట్' చెల్లదు

సరిహద్దు యువత ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. అనంతపురంలోనో తిరుపతిలోనో పీజీ చేసి, ఆంధ్రప్రదేశ్ సెట్ పాసై, ఆ పత్రంతో బెంగళూరు వస్తారు. 2002 జూన్ 1 తర్వాత పాసైన రాష్ట్ర అర్హత పరీక్ష ఆ రాష్ట్రంలోని కొలువులకే పనికొస్తుంది. కర్ణాటకలో పనిచేయాలంటే కె-సెట్ కావాలి, లేదా దేశమంతా చెల్లే నెట్ కావాలి. ఇది తెలియక అర్హత లేనివారి జాబితాలో, తక్కువ గౌరవధనంతో మిగిలిపోయినవారున్నారు. కన్నడం చదవడం, రాయడం వస్తే తరగతిలోనూ, కార్యాలయంలోనూ సగం పని సులువవుతుంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం పలికే సరిహద్దు పిల్లలకు ఇది కలిసొచ్చే అంశం.

ఇవి దగ్గర పెట్టుకోండి

* చేరిన ప్రతి ఏడాదీ నియామక ఉత్తర్వు, రిలీవింగ్ ఉత్తర్వు నకళ్లు తీసుకోవాలి. అనుభవం ఏళ్ల మీదే గౌరవధనం ఆధారపడి ఉంటుంది.
* టైంటేబులు, హాజరు పట్టీ, పరీక్షల డ్యూటీ ఉత్తర్వుల ప్రతులు దాచుకోవాలి. పాఠం గంటల బయట చేసిన పనికి అవే సాక్ష్యం.
* జీతం బ్యాంకు ఖాతాలోనే పడేలా చూసుకోవాలి. ప్రైవేటు కళాశాలల్లో పీఎఫ్ కోత పడుతుంటే యూఏఎన్ నంబరు అడిగి, డబ్బు జమవుతోందో లేదో చూసుకోవాలి.
* అసలు ధ్రువపత్రాలు చూపించి నకళ్లే ఇవ్వాలి. ఇవ్వక తప్పకపోతే సంతకం, తేదీతో రసీదు తీసుకోవాలి.
* గ్రాట్యుటీ రావాల్సినవారు రాతపూర్వకంగా దరఖాస్తు చేయాలి. నోటిమాటకు విలువ లేదు.

ఆనాడు పంపిన మాస్టారు

అనంతపురం జిల్లా రాళ్లపల్లి నుంచి ఒక యువకుడు 1912లో మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు పండితుడిగా చేరాడు. ఆయనే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ. కట్టమంచి రామలింగారెడ్డి చొరవతో దొరికిన కొలువది. మూడున్నర దశాబ్దాలకు పైగా ఆయన అక్కడే పాఠం చెప్పారు. వచ్చే ఏడాది ఉంటానో లేదోనన్న బెంగ లేదు. ఆ నిలకడలోనే గాథాసప్తశతి తెలుగులోకి వచ్చింది, వేమనపై ఉపన్యాసాలు వచ్చాయి. కన్నడ నేల ఒక తెలుగు మాస్టారికి నీడనిస్తే రెండు భాషలూ లాభపడ్డాయి.

అదే దారిలో నేడూ బస్సులు నడుస్తున్నాయి. అదే సీమ నుంచి చదువుకున్న పిల్లలు వస్తున్నారు. వారు ఆశిస్తున్నది సత్కారాలు, శాలువాలు కాదు. తేదీకి జీతం, చేసిన గంటకు తగిన లెక్క, వచ్చే జూన్‌లో కూడా అదే తరగతి గదిలో ఉంటామన్న భరోసా. తన రేపటి మీద తనకే నమ్మకం లేని గురువు పిల్లలకు భవిష్యత్తు మీద ఎంతని ధైర్యం చెబుతాడు?